చందమామ మీది నీళ్ళెట్లుంటయి?

మా బండగూడెం హైస్కూలు సైన్సు టీచరు కమలాకర్‌కు ఏమీ తెలియదు. ఇది నేను వేస్తున్న నింద కాదు. బడిలో, బస్సులో, బ్యాంకులో, పెళ్ళింట్లో, ఎక్కడ ఎవరు ఏమడిగినా ఆయన నోటి నుంచి వచ్చే జవాబు ఒక్కటే: "నాకు తెల్వదు. ఎవర్ని అడుగుదాం?" మొదటి మాట మామూలుగానే అనేవాడు. రెండో మాట అనేటప్పుడు మాత్రం తప్పిపోయిన గొర్రెపిల్ల దొరికినంత సంబరం ముఖంలో కనిపించేది.

నేను తెలుగు చెప్పడానికి ఆ బడికి బదిలీ మీద వచ్చేసరికే ఆయనకు 'తెల్వదు సారు' అనే పేరు స్థిరపడిపోయింది. అసలు పేరుతో అడిగితే ఊళ్ళో ఎవరూ ఆయన్ను గుర్తుపట్టేవాళ్ళు కాదు.

ఎల్లస్వామి హోటల్లో ఒకరోజు మేమిద్దరం టీ తాగుతున్నాం. పాలు మార్చాడేమో, ఎల్లస్వామి వచ్చి టీ ఎట్లున్నది సారూ అని అడిగాడు. ఈయన గ్లాసు కింద పెట్టి, "నాకు తెల్వదు. ఎవర్ని అడుగుదాం?" అన్నాడు. ఎల్లస్వామి గ్లాసులోకి తొంగిచూశాడు. "తాగింది నువ్వు గద సారూ," అన్నాడు చివరికి. పక్క బల్ల మీద బన్ను తింటున్న మా పిల్లలు విరగబడి నవ్వారు. అప్పటి నుంచి ఎల్లస్వామి ఈయన టీ గ్లాసును మాత్రం బల్ల మీద టక్కున పెట్టేవాడు.

ఇంకోసారి బస్టాండులో ఎవరో ముసలాయన దేవరకొండ బస్సు పోయిందా అని అడిగాడు. తెల్వదన్నాడు మా సారు. అంతటితో ఊరుకుంటే బాగుండేది. ముసలాయన చెయ్యి పట్టుకుని మంగలి షాపులో అడిగించాడు, ఎరువుల దుకాణంలో అడిగించాడు, పంక్చర్ల దగ్గర అడిగించాడు. ముగ్గురూ ఇంకా రాలేదనే చెప్పారు. వీళ్ళు ఆ తీర్పు వినేలోగా బస్సు వచ్చి పోయింది.

తనిఖీకి వచ్చిన పెద్దాఫీసరు, నీ క్లాసులో ఎంతమంది ఉన్నారయ్యా అని అడిగితే కూడా అదే పాట. "పిల్లల్నే అడుగుదాం సార్," అన్నాడు. పిల్లలు లేచి ఒకరినొకరు లెక్కపెట్టుకున్నారు. ప్రతి ఒక్కరూ తనను తాను వదిలేసి లెక్కపెట్టారు. తప్పెక్కడ జరిగిందో వాళ్ళే కనిపెట్టేదాకా ఆఫీసరు నిలబడే ఉన్నాడు. మా హెడ్మాస్టరమ్మ ప్రమీలమ్మకు ఆ మధ్యాహ్నం మండల కేంద్రంలో దవాఖానకు పోయి బీపీ చూపించుకోవలసి వచ్చింది.

ఊరు ఊరంతా జాలిపడేది. సర్కారు బడికి సర్కారు ఇట్లాంటి సారును కాక ఎట్లాంటి సారును ఇస్తుంది అనేవాళ్ళు. మన దగ్గర తెలియదు అన్నవాడు నాయకుడు కాలేడు, స్వామీజీ కాలేడు, టీవీలో కూర్చోలేడు. ఏమీ తెలియకుండా అన్నీ చెప్పేవాళ్ళకే మైకులూ మాలలూ. మా సారుకు ఆ కిటుకు కూడా తెలియదు.

నాగరాణి సంగతి చెప్పాలి. ఎనిమిదో తరగతి. తండ్రి మల్లప్పకు గొర్లున్నాయి. అంతకుముందు కూతుర్ని మండల కేంద్రంలో ప్రైవేటు బడికి పంపాడు. టై కట్టే బడి. అక్కడి సార్లు ఇది మొద్దు, దీని నెత్తిలో ఏమీ లేదని తేల్చి చెప్పాక ఆరో తరగతికి మా దగ్గరికి తెచ్చి వేశాడు. ఆ పిల్ల మా బడికి వచ్చాక ఎవరూ గొంతు వినలేదు. హాజరు పిలిస్తే చెయ్యి ఎత్తేది, అంతే.

మల్లప్ప తల్లి గోపమ్మ నడుము ఎప్పుడో వంగిపోయింది. బోరింగు నీళ్ళలోని ఫ్లోరైడు ఆమె ఎముకల్లోకి దిగింది. ఆకాశం చూడాలంటే మంచం మీద వెల్లకిలా పడుకోబెట్టాలి. ఎలక్షన్లు వస్తే ఆమె పక్కన నిలబడి ఫోటో దిగని నాయకుడు లేడు. ఫోటోలో ఇద్దరూ పట్టాలంటే ఆయన వంగాలి. జనం ముందు వాళ్ళు వంగింది ఆ ఒక్క క్షణమే. ఇప్పుడు ఇంటింటికీ నల్లా వచ్చింది. మంచిదే. ఎముకలు మాత్రం వెనక్కి రాలేదు.

చంద్రుడి మీద మన యంత్రం దిగిన ఏడాది అది. జిల్లా సైన్సు ప్రదర్శనలో ప్రతి బడీ చందమామ గురించే పరిశోధన చేసి, పిల్లలతోనే చెప్పించాలని కాగితం వచ్చింది. ప్రమీలమ్మ కాగితం చదివీ చదవకముందే, నల్లగొండలో ప్రాజెక్టు సామాను దుకాణంలో థర్మకోల్ రాకెట్టు రెడీమేడ్‌గా దొరుకుతుందనీ, దానితో పాటు కంఠతా పట్టాల్సిన ఇంగ్లీషు ముక్క కూడా ఇస్తారనీ చెప్పింది. కమలాకర్ సారు మాత్రం పిల్లల ముందు చేతులు కట్టుకుని నిలబడ్డాడు.

"చందమామ మీద ఏమున్నదో నాకు తెల్వదు," అన్నాడు. "మీకేం తెల్సుకోవాలనున్నదో గది చెప్పున్రి."

ఆయన పెట్టిన పద్ధతి ఇది. ప్రతి పిల్లా తనది ఒక ప్రశ్న తెచ్చుకోవాలి. దాన్ని కనీసం ముగ్గుర్ని అడగాలి. చెప్పినవాళ్ళను వదిలిపెట్టకుండా, నీకెట్ల తెల్సని కూడా అడగాలి. ఇద్దరి మాట కలవకపోతే మూడోవాడి దగ్గరికి పోవాలి. పుస్తకమైనా సరే, ఫోనైనా సరే, మనిషైనా సరే, ఎవరికీ మినహాయింపు లేదు.

దానితో బండగూడెంలో పెద్దమనుషులు వీధిలోకి రావడం మానేశారు. చందమామ తెల్లగా ఉంటుంది కాబట్టి అది కాల్షియమేనని చెప్పిన ఆరెంపీ డాక్టరును, నీకెట్ల తెల్సని గోపాల్ అనే తొమ్మిదో తరగతి పిల్లగాడు నిలదీశాడు. డాక్టరు సూది తీశాడు, పిల్లగాడు పరుగు తీశాడు. అదే గోపాల్ చందమామ మీద గుడి ఉన్నట్టు ఫోన్లో వీడియో పట్టుకొచ్చాడు. సారు శ్రద్ధగా చూసి, తీసినాయన అక్కడికి పోయి వచ్చాడేమో కనుక్కొమ్మన్నాడు. ఆయన తక్కిన వీడియోలన్నీ చూసి వచ్చాడు గోపాల్. ముఖం మాడిపోయింది. "ఎక్కడికీ పోలే సారూ. బట్టతలకు నూనె అమ్ముతాండు."

నాగరాణి మాత్రం ప్రశ్న తేలేదు.

ఒక సాయంత్రం మల్లప్ప గొంగడి భుజాన వేసుకుని బడి వరండాలోకి వచ్చాడు. నేనూ ఉన్నాను. ఆయన చుట్టు తిప్పి మాట్లాడే మనిషి కాదు.

"సారూ, సర్కారు గొర్లిస్తే సగం సచ్చినయి. ఉన్నయాటిని నేనొక్కన్నే తోలలేకపోతాన. పిల్ల బడికొచ్చి ఏం జేస్తాందో నాకు సమజ్ అయితలేదు. నల్లగొండల నలుగురి ముంగట మాట్లాడాలెనటగద. మాట్లాడితే బడి. లేకుంటే ఎండకాలం సంది గొర్లెనుక. ఒక్కటే మాట అడుగుత, నా పిల్ల మాట్లాడుతదా?"

"నాకు తెల్వదు మల్లప్పా," అన్నాడు మా సారు.

నాకు ఒళ్ళు మండిపోయింది. ఒక పిల్ల చదువు అటో ఇటో తేలుతుంటే, మాట్లాడుతుందని ఒక్క అబద్ధం చెప్పడానికి ఏం పోయింది ఈయనకు అనుకున్నాను. ఆయన తిరిగి స్తంభం పక్కన నిలబడ్డ నాగరాణినే అడిగాడు. "నీకేమన్న తెల్సా బిడ్డా, మాట్లాడుతవా?" అది కాలి బొటనవేలితో గచ్చు గీకుతూ ఉండిపోయింది. మల్లప్ప గొంగడి సర్దుకుని వెళ్ళిపోయాడు.

మర్నాడు ఇంటర్వెల్లో ఆ పిల్ల స్టాఫ్‌రూం గుమ్మంలోకి వచ్చి నిలబడింది. ఎంత సేపటి నుంచి నిలబడిందో మేం చూడలేదు. చూసేసరికి గొంతు వచ్చింది. గొర్లను అదిలించే ఇంటి పిల్ల కదా, ఇన్నాళ్ళూ దాచుకున్న గొంతు కంచులా ఉంది.

"చందమామ మీద నీళ్ళున్నయంటున్నరు గద సారూ. ఆ నీళ్ళల్ల ఫ్లోరైడు ఉన్నదా?"

లెక్కల సారు నవీన్‌కుమార్ టీ ముక్కులోకి పోయేలా నవ్వాడు. "మన బోరింగు నీళ్ళు చూసేటోడే లేడు, చందమామకు పోయి చూస్తరా?" అన్నాడు. కమలాకర్ సారు నవ్వలేదు. కుర్చీలోంచి లేచి, ఎందుకు లేచాడో మరిచిపోయినట్టు మళ్ళీ కూర్చున్నాడు.

"నాకు తెల్వదు," అన్నాడు.

"ఎవర్ని అడుగుదాం?" అన్నది నాగరాణి.

అడిగారు. ఆ పిల్లా, తోడుగా గోపాలూ. కాలేజీ లెక్చరరును అడిగితే ఆయన తన సిలబసులో లేదన్నాడు. పెద్ద పెద్ద ఆఫీసులకు ఫోన్లు చేస్తే ఒకచోట సంగీతం వచ్చింది, ఒకచోట హిందీ వచ్చింది. నల్లగొండలో నీళ్ళు పరీక్ష చేసే ల్యాబుకు సారే తీసుకుపోయాడు. అక్కడి కాంపౌండరులాంటి మనిషి తల ఎత్తకుండానే ఏ ఊరి నీళ్ళని అడిగాడు. చందమామ మీదివి అన్నది పిల్ల. "ఏ మండలం?" అన్నాడు. అలవాటు అట్లా ఉంటుంది. విషయం అర్థమయ్యాక మాత్రం ఆయన నవ్వకుండా, శాంపిల్ తెస్తే చూస్తానని ఒప్పుకున్నాడు.

చివరికి ఎవరి ద్వారానో హైదరాబాదు యూనివర్సిటీలో రాళ్ళ మీద పరిశోధన చేసే ఎస్తేరు మేడం ఫోన్లో దొరికింది. చంద్రుడి రాళ్ళలో ఫ్లోరిన్ కొద్దిగా కనిపించిందని, అక్కడి మంచులో ఎంతుందో ఎవరూ కొలిచినట్టు తాను మాత్రం వినలేదని ఆమె చెప్పింది. నీకెట్ల తెల్సు మేడం అని నాగరాణి అడిగితే, కోప్పడకుండా అరగంట చెప్పింది.

ప్రదర్శన నాడు నల్లగొండలో హాలు నిండా రాకెట్లే. అన్నీ ఒకే దుకాణంలో పుట్టిన అన్నదమ్ములు. వాటి పక్కన నిలబడ్డ పిల్లలందరూ ఒకే ఇంగ్లీషు ముక్కను ఒకే చోట ఊపిరి తీసుకుంటూ అప్పజెప్పారు. మా పిల్లలు పాత ఎలక్షన్ ఫ్లెక్సీ వెనక వైపు చందమామను గీసి తెచ్చారు. ఫ్యాను గాలికి అది తిరగబడినప్పుడల్లా చందమామ పోయి నాయకుడు దండం పెట్టేవాడు. ప్రమీలమ్మ ముఖం దాచుకుని దూరంగా నిలబడింది. మల్లప్ప గుమ్మం దగ్గర గోడకు ఆనుకుని ఉన్నాడు.

జడ్జీల్లో పెద్దాయన కృష్ణకాంత్. టౌన్లో కార్పొరేట్ కాలేజీ ప్రిన్సిపాల్. చేతిలో సీలు తీసిన నీళ్ళ సీసా. నాగరాణి మొదట నేల చూసింది. తండ్రి వైపు చూసింది. తర్వాత ఆ సీసా వైపు చూసింది.

"మా దిక్కు పిల్లనియ్యాలన్నా, కొత్త ఊర్ల ఇల్లు కట్టుకోవాలన్నా, ముందుగాల ఆ ఊరి నీళ్ళెట్లుంటయని అడుగుతరు సార్. చందమామ మీద మనుషులు ఉండనీకె పోతరంటున్నరు. ఆడ నీళ్ళెట్లుంటయని ఎవరన్న అడిగిన్రా అని నేను అడిగిన."

తర్వాత ఎవరెవర్ని అడిగిందో, ఎవరేమన్నారో, వాళ్ళకెట్లా తెలిసిందో వరసగా చెప్పింది. ల్యాబు ఆయన సంగతి దగ్గర చుట్టూ ఉన్న పిల్లలు నవ్వారు. అది ఆగి, నవ్వు అయిపోయాక మళ్ళీ మొదలుపెట్టింది. కృష్ణకాంత్ గారు గడియారం చూసుకున్నారు.

"ఇంతకీ ఫ్లోరైడ్ ఉందా, లేదా?"

"తెల్వదు సార్. ఇంకా ఎవ్వరు కొలిచినట్టు లేదంట."

"తెలియదని చెప్పడానికి నల్లగొండ దాకా రావాలా అమ్మా?"

పక్క జడ్జీలు నవ్వారు. నాగరాణి తల వంచలేదు. ఊరుకోనిది గోపాల్. "మీరు మా ఊరికొస్తే గూడ గా సీసా తెచ్చుకుంటరు గద సార్," అన్నాడు. ఆ మాటతో మా మార్కులు ఎక్కడికి పోయాయో ఎవర్నీ అడగనక్కర లేకపోయింది.

మధ్యాహ్నం చెట్టు కింద అన్నాలు తింటున్నాం. కమలాకర్ సారు ఇల్లు నల్లగొండలోనే. ఆయన భార్య రమ, పెద్దదవాఖానలో నర్సు, అందరికీ పులిహోర చేసి తెచ్చింది. సారు పిల్లలకు నీళ్ళు పట్టుకురావడానికి వెళ్ళాడు. నేను ఆగలేకపోయాను. రమతోనే అనేశాను. మీ ఆయనకు తెలియకపోతే పోయె, పిల్లకు ఒక జవాబైనా నేర్పి పంపొచ్చు కదా, దాని బతుకు ఇవాళ తేలిపోతుంది, అన్నాను.

రమ గరిటె పక్కన పెట్టింది.

"ఆయనకు తెల్వదా? మేడం, ఇంట్ల ఈయన నోరు మూతవడది. పప్పుల ఉప్పెందుకు కరుగుతదో చెప్పుకుంట పప్పు చల్లారవెట్టేటోడు. పెండ్లయిన సంది గదే గోస. రెండేండ్ల కింద ఒకనాడు అన్నం ముంగట కూసొని తింటలేడు. ఏమాయె అంటే, బడిల కొత్తగ చేరిన పిల్లను ఆకు పచ్చగెందుకుంటదని అడిగిండట. ఆ పిల్ల ఏమనలేదట. లేచి, అరచెయ్యి సాపిందట. కొట్టుమని."

నా చేతిలో ముద్ద చేతిలోనే ఉండిపోయింది.

"తెల్వదని నోటితోని అంటే ఆ టై బడిల కొట్టేటోళ్ళు. అందుకని అనకుంటనే చెయ్యి సాపుడు నేర్సింది. ఆ పిల్ల భయపడకుంట తెల్వదు అనేదాక నేనే అంట, అన్నడు ఈయన."

"మరి హోటల్లో, బస్టాండులో కూడానా?" అన్నాను.

"నేను గూడ గదే అడిగిన. ఆ ఊర్ల పిల్లలు లేని జాగ ఏడున్నది అన్నడు. బడిల తెల్వదు, బయట తెల్సు అంటే నమ్ముతరా అన్నడు. ఆయనకేం, అక్కడ నోరు మూసుకొని వస్తడు. దాసుకున్నదంత ఇంటికొచ్చి నా మీద గుమ్మరిస్తడు. రెండేండ్ల సంది మీ ఊరోళ్ళు అడిగిన ప్రశ్నలన్నిటికి జవాబులు నేను వింటున్న మేడం. దేవరకొండ బస్సు టైముతోని సహా."

మూడు గంటలకు బహుమతులు. మొదటిది లైట్లు వెలిగే రాకెట్టుకు. రెండోది లైట్లు ఆరి వెలిగే రాకెట్టుకు. మాకు పాల్గొన్నందుకు ఒక కాగితం. పిల్లల్ని ప్రశ్నలు అడగమని ఊరూరా సర్క్యులర్లు పంపే పెద్దలు, ప్రశ్న అడిగిన పిల్లకు ఇచ్చిన విలువ అది. దుకాణం నడిచింది, ప్రదర్శన ముగిసింది, ఫోటోల్లో అందరూ నవ్వారు.

మల్లప్ప జనాన్ని తోసుకుని వచ్చాడు. ఆయన మా సారు ముందు నిలబడ్డాడు.

"గెలిసినోళ్ళకు ఏమిచ్చిన్రు సారూ?"

"కప్పు."

"నీళ్ళు తాగనీకా?" అన్నాడు. గొంగడి అంచు నలిపాడు. "నా పిల్ల ఇంట్ల గూడ మాట్లాడది సారూ. రెండేండ్లాయె. గియాల ఇంతమంది సూటుబూటుల ముంగట తెల్వదన్నది. గట్టిగ అన్నది. ఆ పెద్దసారు నవ్వితే గూడ దిగులు పడలే. గొర్లకాడికి నేను బోత. తిప్పలవడ్డా నేనే పడుత."

కమలాకర్ సారు గభాలున అటు తిరిగి, మొదటి బహుమతి వచ్చిన రాకెట్టును చాలా శ్రద్ధగా చూడసాగాడు. అందులో అంత సేపు చూడ్డానికి ఏమీ లేదు.

సాయంత్రం పిల్లల్ని ఊళ్ళో దింపడానికి మేమూ బస్సెక్కాం. ముందు సీట్లో మల్లప్ప, నాగరాణి. వెనక మేమిద్దరం. పానగల్లు దాటాక మల్లప్ప సిగ్గుపడుతూ కూతుర్ని అడిగాడు, చందమామ మీద గడ్డి మొలుస్తదా అని. గాలే లేదు బాపూ, గడ్డెక్కడిది, అని మొదలుపెట్టింది అది. ఇక ఆగలేదు. అక్కడి ఎండ, అక్కడి చలి, అక్కడి దుమ్ము. ముందు వరసల వాళ్ళు మెడలు తిప్పి వింటున్నారు. టికెట్లు కొట్టే అమ్మ కూడా రాడ్డు పట్టుకుని అక్కడే ఆగిపోయింది.

"ఆడ మన బరువు గూడ తగ్గుతది బాపూ. ఈడ ఎంతుంటమో ఆడ అండ్ల పదో వంతే."

నా పక్కన సీటు కదిలింది. చూస్తే కమలాకర్ సారు ముందు సీటు కడ్డీని రెండు చేతులా బిగించి పట్టుకున్నాడు. మెడ నరాలు ఉబ్బాయి. పెదవులు లోపలికి పోయాయి. పైకి లేవబోతున్న జవాబును పళ్ళతో అదిమిపట్టి, కిటికీలోంచి పత్తి చేలను చూస్తున్నట్టు నటిస్తున్నాడు. ఇంకో నిమిషం ఇట్లాగే ఉంటే బస్సును దవాఖానకు తిప్పించవలసి వచ్చేది.

"కాదు కాదు," అన్నది నాగరాణి. "ఆరో వంతు. ఎస్తేరు మేడం ఆరో వంతన్నది."

ఆయన కడ్డీ వదిలేసి సీటుకు వెనక్కి వాలాడు. చొక్కా పై గుండీ తీసుకుని, నల్లగొండ నుంచి అప్పటిదాకా లోపల పెట్టుకున్న ఊపిరంతా ఒక్కసారి వదిలాడు. తర్వాత దారి పొడవునా, ఆ పిల్ల ఏం చెప్పినా తలాడిస్తూ, ఏమీ తెలియని మనిషిలా విన్నాడు.